టెస్ట్ రైడ్ అడిగినా డబ్బులు ఆపేశారు: మూడు మిస్టరీ విజిట్లు, ఒక పేమెంట్ తగాదా

2025 దసరా ముందు జరిగిన కేసు ఇది. ఆ సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న టూ వీలర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. తగ్గిన ధర షోరూముల్లో సరిగ్గా చెబుతున్నారో లేదో తెలుసుకోవాలని ఒక బండ్ల కంపెనీ అనుకుంది. ఆ పనిని పెద్ద నగరంలో ఉన్న ఒక ఏజెన్సీకి అప్పగించింది. ఏజెన్సీ విజయనగరం, రాజాం, శ్రీకాకుళం షోరూములకి మామూలు కస్టమర్‌లా వెళ్ళి రిపోర్ట్ రాసే మనిషి కోసం వెతికింది. శ్రీకాకుళంలో ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకునే ఒకావిడ ఒప్పుకున్నారు. మూడు విజిట్లు చేశారు, మూడు రిపోర్టులు పెట్టారు. దీపావళి దాటినా ఒక్క రూపాయి రాలేదు.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఏళ్ళుగా ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా ఉన్నాను. పెట్రోల్ బంకులు, బట్టల షాపులు, బ్యాంకు బ్రాంచీలు, ఇలా రకరకాల ఆడిట్లకి మనుషుల్ని పంపిస్తుంటాను. ఈ బండ్ల ప్రాజెక్టు మాత్రం నాది కాదు. నాతో పనిచేసే ఒకమ్మాయి ద్వారా ఆవిడ నా దగ్గరకి వచ్చారు. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఏజెన్సీ పేరు, బండి పేరు, షోరూముల గుర్తులు రాయను.

ఇది పూర్తిగా రాయడానికి ఒక కారణం ఉంది. నా దగ్గరకి వచ్చే పేమెంట్ గొడవల్లో ఎక్కువ శాతం డబ్బు ఇచ్చే రోజున పుట్టినవి కావు. బ్రీఫ్‌లో, అంటే పని ఎలా చేయాలో ఏజెన్సీ ఇచ్చే సూచనల కాగితంలో, ఎవరో తొందరలో రాసిన ఒక వాక్యం దగ్గర పుట్టినవే. ఆ వాక్యం రాసినవాళ్ళకి నష్టం లేదు. దాన్ని నమ్మి బస్సెక్కిన మనిషి నష్టపోతుంది. ఇది మారాలి.

ఈ పని గురించి విననివాళ్ళకి రెండు మాటలు. మిస్టరీ షాపర్ కంపెనీ తరఫున వెళతారు, కానీ ఆ సంగతి షాపులో ఎవరికీ తెలియకూడదు. లోపలికి వెళ్ళిన ఎంతసేపటికి పలకరించారు, ఏం అడిగారు, ధర ఎలా విడమర్చి చెప్పారు, వచ్చేసేటప్పుడు ఫోన్ నంబర్ తీసుకున్నారా, ఇదంతా బుర్రలో పెట్టుకుని వచ్చి ఆ రాత్రికే ఏజెన్సీ పోర్టల్‌లో ఎక్కించాలి. ఎదురుగా నోట్స్ రాసుకోకూడదు. ఏదైనా కొంటే బిల్లు సాక్ష్యం, కొనకపోతే కొటేషన్ కాగితమో విజిటింగ్ కార్డో సాక్ష్యం. షోరూములో గడిపేది గంట అయితే, రిపోర్ట్ రాయడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఈ కేసులో ఒక్కో విజిట్‌కి ఫీజు 450 రూపాయలు.

డబ్బు బండ్ల కంపెనీ నుంచి ఏజెన్సీకి, ఏజెన్సీ నుంచి షాపర్‌కి వస్తుంది. మధ్యలో ఇద్దరుంటారు. మనిషిని వెతికి పంపే షెడ్యూలర్ ఒకరు, రిపోర్ట్ చదివి పాస్ చేసే ఎడిటర్ ఒకరు. షాపర్‌కి తెలిసేది షెడ్యూలర్ మాత్రమే, అదీ వాట్సాప్‌లో. డబ్బు ఆపగలిగే ఎడిటర్ షాపర్‌తో మాట్లాడరు. బ్రీఫ్ రాసినవాళ్ళు ఈ ముగ్గురితోనూ మాట్లాడరు. అందుకే షెడ్యూలర్ "పర్లేదు" అన్నది ఎడిటర్ దగ్గర "కుదరదు" అవుతుంది.

విజయనగరం విజిట్

ఆవిడ ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వచ్చారు. జీఎస్టీ తగ్గిన వారం, పైగా పండగ ముందు. షోరూము జనంతో నిండి ఉంది. బ్రీఫ్‌లో టెస్ట్ రైడ్ గురించి ఉన్నది ఒకే వాక్యం: "షాపర్ టెస్ట్ రైడ్ అడగాలి." రిపోర్ట్ ఫారంలో మాత్రం "టెస్ట్ రైడ్ అనుభవాన్ని వివరించండి" అని తప్పనిసరి ప్రశ్న ఉంది. ఈ రెండూ ఒకే ప్రాజెక్టులోవి. ఫారం పోర్టల్‌లో రిపోర్ట్ ఎక్కించే సమయంలోనే తెరుచుకుంటుంది కాబట్టి వెళ్ళే ముందు ఆ ప్రశ్న షాపర్‌కి కనబడదు.

ఆవిడకి ఎల్ఎల్ఆర్, అంటే బండి నేర్చుకునేవాళ్ళకి ఇచ్చే లెర్నర్ లైసెన్స్, మాత్రమే ఉంది. లైసెన్స్ ఉన్నవాళ్ళే ఈ పని తీసుకోవాలని బ్రీఫ్‌లో ఎక్కడా లేదు. అయినా అనుమానం వచ్చి ముందురోజు సాయంత్రం షెడ్యూలర్‌ని వాట్సాప్‌లో అడిగారు: "మేడం, నాకు లైసెన్స్ లేదు, ఎల్ఎల్ఆరే ఉంది, పర్వాలేదా?" జవాబు వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. నేను చాలాసార్లు విన్నాను దాన్ని. "పర్లేదమ్మా, అడిగితే చాలు. వాళ్ళేమంటారో అది రాసీండి."

షోరూములో జరిగింది ఆవిడ రిపోర్ట్‌లో మాటకి మాట రాశారు.

"టెస్ట్ రైడ్ ఇస్తారా అండీ?"

"ఇస్తామమ్మా. లైసెన్సు తెచ్చేరా?"

"ఎల్ఎల్ఆర్ ఉందండి."

"ఎల్ఎల్ఆర్ మీద ఇవ్వలేమమ్మా. ఇంట్లో ఎవరికైనా లైసెన్సుంటే తోడు తీసుకొచ్చీండి, ఆదివారం కూడా తెరిచే ఉంటాం."

ఆ అబ్బాయి చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. ఎల్ఎల్ఆర్ ఉన్నవాళ్ళు లైసెన్స్ ఉన్న మనిషి తోడు లేకుండా రోడ్డు మీద బండి నడపకూడదు. మోటారు వాహనాల నిబంధనలు ఆ మాట స్పష్టంగా చెబుతున్నాయి. పండగ రద్దీలో బండి అమ్ముడుపోవాలన్న తొందరలో కూడా నిబంధన పాటించాడు, మళ్ళీ రమ్మని మర్యాదగా చెప్పాడు. బండ్ల కంపెనీకి ఇంతకంటే పనికొచ్చే సమాచారం ఏముంటుంది? ఎడిటర్ మాత్రం ఒక్క లైనులో తేల్చేశారు: "టెస్ట్ రైడ్ పూర్తి కాలేదు. రిపోర్ట్ అసంపూర్ణం. చెల్లింపు లేదు."

అడగమన్నారు, అడిగింది. అక్కడితో షాపర్ బాధ్యత అయిపోయింది. ఎడిటర్ కోరుకున్న పని ఆవిడ చేసి ఉంటే అది చట్టాన్ని తప్పడం అయ్యేది. ఈ ఒక్క పాయింటు మీద నాకు ఏ కోశానా సందేహం లేదు, మొదటి రోజే ఆవిడతో అదే చెప్పాను.

రాజాం విజిట్

ఇది కొంచెం చిక్కుముడి. బ్రీఫ్‌లో ఇలా ఉంది: "జిల్లా దాటి వెళ్ళే విజిట్లకు 200 రూపాయల ప్రయాణ ఖర్చు ఇవ్వబడుతుంది. టికెట్ జత చేయాలి."

రాజాం ఏ జిల్లా? ఈ ప్రాంతం వాళ్ళెవరినైనా నిద్రలో లేపి అడిగినా చెబుతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాలకొండ అదే రోజు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. ఏజెన్సీ పోర్టల్‌లో ఊళ్ళ జాబితా మాత్రం పాతది. అందులో రాజాం శ్రీకాకుళం కిందే ఉంది. కాబట్టి ఆవిడ జిల్లా దాటలేదని లెక్క కట్టారు.

రెండో అభ్యంతరం టికెట్ మీద. ఆవిడ ఆర్టీసీ బస్సులో వెళ్ళారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టర్ ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టి ఇస్తారు. ఆవిడ రాను, పోను టికెట్లు రెండూ ఫోటో తీసి పెట్టారు. ఎడిటర్ రాసింది: "టికెట్ విలువ సున్నా. రీయింబర్స్‌మెంట్ వర్తించదు."

జిల్లా సంగతి తేలిక. అది ఏజెన్సీ తప్పు, వాదించడానికేమీ లేదు. టికెట్ విషయంలో మాత్రం ఏజెన్సీ మాటని పూర్తిగా కొట్టిపారేయలేను. "ఖర్చు" అన్నారు కాబట్టి ఖర్చు లేకపోతే ఇవ్వం అనడానికి వాళ్ళకి కొంత అవకాశం ఉంది. "200 రూపాయలు ఇవ్వబడుతుంది" అని అంకె వేసి చెప్పారు కాబట్టి అది నికరమైన భత్యం, టికెట్ కేవలం వెళ్ళినట్టు రుజువు అనడానికి ఆవిడకీ అంతే అవకాశం ఉంది. రెండు అర్థాలూ నిలబడతాయి. ఒక విషయం మాత్రం నేను గట్టిగా నమ్ముతాను. ప్రభుత్వం ఆ టికెట్ డబ్బు మిగిల్చింది ఆడవాళ్ళకి, ఏజెన్సీకి కాదు. బస్టాండు నుంచి షోరూముకి ఆటో, మధ్యాహ్నం తిండి, వదులుకున్న సాయంత్రం ట్యూషన్ ఏ టికెట్ మీదా కనబడవు.

రాజాం ఫీజు 450 కూడా రాలేదు. దానికి తిరస్కరణ లేదు, ఆమోదమూ లేదు. బ్రీఫ్‌లో "క్లయింట్ ఆమోదించిన 45 రోజులకు చెల్లింపు" అని ఉంది. క్లయింట్, అంటే బండ్ల కంపెనీ, ఎప్పటిలోగా ఆమోదించాలో లేదు. ఆమోదించినట్టు షాపర్‌కి ఎవరు చెబుతారో లేదు. మొదలయ్యే తారీఖు లేకుండా 45 రోజులు లెక్కపెట్టడం ఎవరి తరం?

శ్రీకాకుళం విజిట్

ఇక్కడ ఏజెన్సీ పక్షాన నిలబడాలి. ఏడురోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఎవరు ఎవరికి తెలియదు? షోరూములో ఆవిడకి ఎదురొచ్చిన సేల్స్‌మన్ ఆవిడ దగ్గర ట్యూషన్ చదివే పిల్లాడి బాబాయి. "టీచరమ్మా, మీరా! రండి రండి, కూర్చోండి" అని కూల్‌డ్రింక్ తెప్పించాడు. ఆవిడ మొహమాటపడి విజిట్ మొత్తం పూర్తి చేసి, రిపోర్ట్ చివర "సిబ్బందిలో ఒకరు తెలిసినవారు" అని నిజాయితీగా రాశారు.

బ్రీఫ్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది: తెలిసినవారు ఎదురైతే వెంటనే బయటకి వచ్చి షెడ్యూలర్‌కి చెప్పాలి. పలకరింపు ఎలా ఉందన్నదే కొలవాల్సిన చోట, టీచరమ్మకి దొరికిన మర్యాద మామూలు కస్టమర్‌కి దొరికేది కాదు. ఆ రిపోర్ట్ క్లయింట్‌కి పనికిరాదు. ఈ 450 అడగొద్దని ఆవిడకి చెప్పాను. "అన్ని గంటలు పట్టింది కదండీ" అన్నారు. నిజమే. కానీ కరెక్టుగా ఉన్న నిబంధన మీద కూడా పోట్లాడితే, మిగతా రెండింటి మీద మన మాటకి బలం పోతుంది.

అయితే ఆ నిబంధనలో ఒక లోటు ఉంది, దాన్ని ఏజెన్సీలు పట్టించుకోవు. బయటకి వచ్చేసిన మనిషికి దారి ఖర్చు కూడా ఇవ్వరు. నిజం చెబితే పూర్తి నష్టం, నోరు మూసుకుంటే పూర్తి ఫీజు. చిన్న ఊళ్ళలో ఈ పరిస్థితి మాటిమాటికీ వస్తుంది. వెనక్కి వచ్చినవాళ్ళకి సగం ఫీజు ఇస్తే ఇలాంటి రిపోర్టులు సగానికి సగం తగ్గుతాయని ఈ రంగంలో ఉన్న నా అభిప్రాయం.

కాగితాలు

నా దగ్గరకి వచ్చేనాటికి ఆవిడ షెడ్యూలర్‌కి వాట్సాప్‌లో చాలా మెసేజీలు పెట్టేశారు. అన్నీ బాధతో రాసినవి. "మాలాంటివాళ్ళ కష్టం మీకు అర్థం కాదా" అని ఒకటి. ఆ బాధ న్యాయమైనదే, నాకు చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ షెడ్యూలర్ దానికి ఏం చేయగలరు? షెడ్యూలర్ చేతిలో చెక్కు లేదు. ఎడిటర్ పట్టించుకునేది ఒక్కటే: బ్రీఫ్‌లో ఏముంది, రిపోర్ట్‌లో ఏముంది.

నేను అడిగినవి మూడు. పని ఒప్పుకున్న రోజున ఉన్న బ్రీఫ్, షెడ్యూలర్‌తో నడిచిన సంభాషణ మొత్తం, పోర్టల్‌లో రిపోర్ట్ స్థితి చూపించే స్క్రీన్‌షాట్లు.

మొదటిది చాలా ముఖ్యమని తొందరలోనే తేలింది. మేము కలిసి పోర్టల్ తెరిచేసరికి బ్రీఫ్ మారిపోయి ఉంది. "టెస్ట్ రైడ్ పూర్తి చేయాలి. చెల్లుబాటయ్యే లైసెన్స్ తప్పనిసరి" అని కొత్త వాక్యం చేరింది. కింద మార్పు తేదీ ఏమీ లేదు. ఆవిడ దగ్గర పాత కాపీ లేకపోతే కేసు అక్కడితో అయిపోయేది. అదృష్టం, ఇంట్లో నెట్ సరిగా రాదని ఒప్పుకున్న రోజే పీడీఎఫ్ ఫోన్‌లో దింపి పెట్టుకున్నారు. డౌన్‌లోడ్ అయిన తేదీ ఫోన్‌లో అలాగే ఉంది. కొత్త వాక్యం మాకు మేలే చేసింది. పాత వాక్యంలో ఆ అర్థం లేదని ఏజెన్సీకి కూడా తెలుసు కాబట్టే కదా మార్చింది!

మూడోది ఇంకా పెద్ద ఆధారం. రిజెక్ట్ అయ్యే ముందు విజయనగరం రిపోర్ట్ స్థితి "క్లయింట్‌కు పంపబడింది" అని రెండు రోజులు కనబడింది. ట్యూషన్ పిల్లలకి మార్కులు రాసే అలవాటు వల్లనో ఏమో, ఆవిడ ప్రతి దశనీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టారు. రాజాం రిపోర్ట్ ఇప్పటికీ అదే స్థితిలో ఉంది. అంటే రెండు రిపోర్టులూ క్లయింట్ చేతికి చేరాయి.

చట్టం వైపు నుంచి

మిస్టరీ షాపర్ ఏజెన్సీ ఉద్యోగి కాదు. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ గిగ్ వర్కర్ అంటే మామూలు యజమాని, ఉద్యోగి సంబంధానికి బయట పని చేసి సంపాదించేవారని చెబుతుంది. షాపర్ పని ఆ కోవలోకే వస్తుంది. అందుకే జీతం ఎగ్గొట్టారని లేబర్ ఆఫీసుకి వెళ్ళినా అక్కడ పని జరగడం కష్టం. వినియోగదారుల కమిషన్ కూడా కాదు, ఎందుకంటే ఇక్కడ సేవ చేసింది షాపర్. మనకి పనికొచ్చేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం.

అందులో 70వ సెక్షన్ ఉంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా పని చేసి, ఇంకొకరు దాని ఫలితం అనుభవిస్తే, అనుభవించినవారు పరిహారం ఇవ్వాలి. రిపోర్ట్ క్లయింట్‌కి పంపేసి షాపర్‌కి మాత్రం "పనికిరాదు" అనే ఏజెన్సీకి ఈ సెక్షన్ సూటిగా తగులుతుంది. ఇంకొకటి మన కోర్టులు ఎప్పటినుంచో పాటిస్తున్న సూత్రం, ముఖ్యంగా ఇన్సూరెన్స్ కేసుల్లో: ఒక షరతుకి రెండు అర్థాలు వస్తుంటే, రాసినవారికి వ్యతిరేకంగా ఉండే అర్థాన్నే తీసుకోవాలి. బ్రీఫ్‌లో ఒక్క అక్షరం కూడా షాపర్ రాయలేదు.

కోర్టు దాకా వెళ్ళడం సంగతి కూడా ఆవిడకి దాచకుండా చెప్పాను. చేసిన పనికి డబ్బు అడగడానికి మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది. కానీ పోర్టల్‌లో చేరేటప్పుడు టిక్ పెట్టే షరతుల్లో వివాదాలు ఫలానా మహానగరం కోర్టుల్లోనే అని ఉంటుంది. వెయ్యి చిల్లర రూపాయల కోసం అంతదూరం ఎవరు వెళతారు? దానికంటే మేలైన దారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కేసు వేయక ముందే లోక్ అదాలత్‌లో రాజీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకి ఫోన్ చేస్తే దారి చెబుతారు. అవతలివాళ్ళు రాకపోతే రాజీ కుదరదు, అది నిజమే. కానీ జిల్లా కోర్టు ఆవరణ నుంచి వెళ్ళే నోటీసుని ఏ ఏజెన్సీ కూడా వాట్సాప్ మెసేజ్‌లా పక్కన పడేయదు.

వాయిస్ మెసేజ్‌ని చెరపొద్దని, ఫోన్ మార్చొద్దని ముందే చెప్పాను. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులకి ధ్రువీకరణ పత్రం కావాలంటుంది. అసలు మెసేజ్ అసలు ఫోన్‌లో ఉంటే ఆ పత్రం ఇవ్వడం తేలిక.

ఉత్తరం

ఏజెన్సీ పేమెంట్ విభాగానికి ఈమెయిల్ రాశాం. ఎక్కడా కోపం లేదు, వేడుకోలూ లేదు. విజయనగరం భాగం ఇలా ఉంది:

"నేను పని ఒప్పుకున్న రోజు బ్రీఫ్, పేజీ 3: 'షాపర్ టెస్ట్ రైడ్ అడగాలి.' నేను అడిగాను, రిపోర్ట్‌లో ప్రశ్న 14 చూడండి. ఎల్ఎల్ఆర్ ఉందని ముందురోజే మీ షెడ్యూలర్‌కి చెప్పాను, అడిగితే చాలన్న జవాబు జత చేశాను. ఎల్ఎల్ఆర్‌తో ఒంటరిగా బండి నడపడం చట్టవిరుద్ధం. రిపోర్ట్ మీ క్లయింట్‌కు పంపినట్టు పోర్టల్ చూపించింది, స్క్రీన్‌షాట్ జత చేశాను. నేను చేయాల్సిన పనుల్లో చేయనిది ఏదో బ్రీఫ్‌లోని వాక్యం చూపించి చెప్పండి. లేదంటే 450 ఫీజు, 200 ప్రయాణ ఖర్చు 15 రోజుల్లో చెల్లించండి."

రాజాం గురించి రెండు అంశాలు విడివిడిగా రాశాం. రాజాం 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లాలో ఉందని ఒకటి. ఆమోదం తేదీ చెప్పండి లేదా పంపిన తేదీనే ఆమోదంగా లెక్కించండి అని రెండోది. శ్రీకాకుళం ఫీజు అడగడం లేదని కూడా రాశాం. ఆ ఒక్క లైను ఈమెయిల్ స్వభావాన్నే మార్చేసింది. తర్వాత ఫోన్ చేసిన పేమెంట్ మేనేజర్ మొదట దాని గురించే మాట్లాడారు.

మొదటి జవాబు పాత పాటే: "మార్గదర్శకాల ప్రకారం తిరస్కరించబడింది." ఏ మార్గదర్శకం, ఏ తేదీది అని ఒక్క ప్రశ్నతో తిరిగి రాయించాను. రెండు బ్రీఫులూ పక్కపక్కన పెట్టి పంపాం. గడువు దాటితే విజయనగరం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెడతామని చివర చేర్చాం. పని జరిగింది ఈ జిల్లాలోనే. అది బెదిరింపు కాదు, దరఖాస్తు నిజంగానే రాసి పెట్టుకున్నాం.

సంక్రాంతి తర్వాత డబ్బు పడింది. విజయనగరానికి 650. రాజానికి ఫీజు 450, ప్రయాణం కింద 100. టికెట్ విషయంలో నేను ముందే చెప్పినట్టు రెండు వైపులా వాదన ఉంది కాబట్టి సగానికి ఒప్పుకోవడం సబబే అన్నాను, ఆవిడా ఒప్పుకున్నారు. మొత్తం 1,200. ఖాతాలో పడింది 1,110. "ఇంకా 90 కోసేశారు అన్నయ్యా" అని ఫోన్ చేశారు. ఫీజు 900 మీద 10 శాతం టీడీఎస్ అది, అంటే డబ్బు ఇచ్చేవాళ్ళే ముందుగా కోసి కట్టే ఆదాయపు పన్ను. కోసినది ఆవిడ పాన్ మీద ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో కనబడాలి. జనవరి నుంచి మార్చి వరకు కోసిన టీడీఎస్ వివరాలు మే 31లోగా దాఖలు చేయాలి కాబట్టి అప్పటిదాకా ఆగి చూసుకోమన్నాను. జూన్‌లో కూడా కనబడకపోతే ఆ 90 రూపాయలకి మళ్ళీ ఈమెయిల్ రాయాల్సిందే.

వాక్యాలు

ఆ మేనేజర్‌తో ఫోన్‌లో మాట్లాడినప్పుడు, మీ బ్రీఫ్‌లో డబ్బుతో ముడిపడిన వాక్యాలు ఎన్ని ఉన్నాయో మీరే ఒకసారి గీత గీసి చూడండి అన్నాను. అలాంటి ప్రతి వాక్యానికీ నేను పెట్టే పరీక్ష ఒక్కటే. ఆ వాక్యాన్ని ఈ పని ఎప్పుడూ చేయని మనిషికి చూపించి, "ఏం జరిగితే ఇందులో డబ్బు రాదు?" అని అడుగుతాను. ఇద్దరు రెండు జవాబులు చెబితే ఆ వాక్యం తిరిగి రాయాలి.

"టెస్ట్ రైడ్ అడగాలి" అన్నది నేనైతే ఇలా రాస్తాను: "టెస్ట్ రైడ్ కావాలని నోటితో అడగండి. ఇస్తే, మీకు లైసెన్స్ ఉంటేనే నడపండి. ఇవ్వకపోతే లేదా మీకు లైసెన్స్ లేకపోతే, వాళ్ళు చెప్పిన జవాబు రాయండి. రెండు సందర్భాల్లోనూ పూర్తి ఫీజు వస్తుంది." పొడుగైంది. పర్వాలేదు. నాలుగు వాక్యాలు చదవడానికి అరనిమిషం పడుతుంది, నెలల తరబడి సాగే గొడవ తప్పుతుంది.

చెల్లింపు గడువు: "రిపోర్ట్ పెట్టిన 10 రోజుల్లో ఆమోదమో తిరస్కరణో చెబుతాం. చెప్పకపోతే ఆమోదించినట్టే. ఆ తేదీ నుంచి 45 రోజులకి డబ్బు." ఇది ఏజెన్సీకి ఇష్టం ఉండదు, ఎందుకంటే వాళ్ళ డబ్బు కూడా క్లయింట్ దగ్గర ఇరుక్కుని ఉంటుంది. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ క్లయింట్ ఆలస్యాన్ని భరించే శక్తి ఏజెన్సీకి ఉన్నంత ట్యూషన్లు చెప్పుకునే మనిషికి ఉండదు.

షాపర్లకి నేను చెప్పేది కూడా ఇదే పద్ధతి. పని ఒప్పుకున్న నిమిషమే బ్రీఫ్ దింపుకోండి. షెడ్యూలర్‌ని ఫోన్‌లో అడిగితే, తర్వాత "మీరు ఇలా చెప్పారు, నేను ఇలాగే చేస్తున్నాను" అని వాట్సాప్‌లో ఒక లైను పెట్టండి. వాళ్ళు కాదనకపోతే అదే మీ రుజువు. పనిలో చేరడానికే డబ్బు కట్టమనేవాళ్ళ దగ్గరకి అసలు పోకండి, అది మిస్టరీ షాపింగ్ కాదు, మోసం. డబ్బు కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆ ఏజెన్సీ టెస్ట్ రైడ్ వాక్యాన్ని సరిచేసింది, బ్రీఫ్ మీద తేదీ వేయడం మొదలుపెట్టింది. వెనక్కి వచ్చినవాళ్ళకి సగం ఫీజు ఇమ్మన్నదానికి ఒప్పుకోలేదు. ఊళ్ళ జాబితా మార్చడానికి క్లయింట్ అనుమతి కావాలట, ఇంకా మార్చలేదు. ఆవిడ ఇప్పుడు నాతో బ్యాంకు ఆడిట్లు చేస్తున్నారు. ఆ దిక్కు ఎవరిని పంపినా నేను ముందే ఇలా మెసేజ్ పెడతాను: "రాజాం విజిట్. విజయనగరం జిల్లాగానే లెక్క. ప్రయాణం కింద 200 నికరం, జీరో టికెట్ అయినా ఇస్తాం, టికెట్ ఫోటో వెళ్ళినట్టు రుజువుకి మాత్రమే. తెలిసినవాళ్ళు కనబడితే బయటకి వచ్చేసి నాకు ఫోన్ చేయండి, ఆ 200 ఎలాగూ వస్తుంది. సరేనని జవాబు పెట్టాకే బయల్దేరండి."